డిమ్ కొట్టిన పాత లైట్లు

పెళ్లయిన నెలకే తెలిసింది, ఖాలిద్‌కి నాకన్నా పికప్ బండే ముద్దని. కొత్త ఎల్‌ఈడీ లైట్లు తనే బిగించి, వాటి వెలుగు చూపిస్తానని రాత్రి దుమ్ముగూడెం అడవి దారికి తీసుకొచ్చాడు. మిర్చి బజ్జీలు తింటూ మురిసిపోతుంటే ఆ లైట్లు కాస్తా ఆరిపోయాయి.

“మెకానిక్‌కిస్తే ఏం పోతుండె సాబ్?”

“వైర్ లూజైంది, గంతే. జర టార్చ్ పట్టు సుమయ్యా,” అన్నాడు, బానెట్ కింద తల దూర్చి.

విసుగ్గా పక్కకు తిరిగాను. బండి వెనక దారంతా పసుపు వెలుగు. ట్రాలీలో పడేసిన పాత హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి.

“పాతవాటికి గూడ కనెక్షన్ ఎందుకిచ్చినవ్?”

“ఏంది? వాటి వైర్లన్నీ నేనే కోసేసిన.”

అంతలో అవి డిమ్ అయ్యాయి. ఎదురుగా బండి వస్తే ఖాలిద్ మర్యాదగా తగ్గిస్తాడే, అచ్చం అలాగే.

వెనక దారి మీద ఏమీ లేదు.