ఇల్లే సింహాసనం

“ఆ వాక్యం ఏదయ్యా?”

మంత్రిగారు ప్రసంగం కాగితాన్ని వెనక్కి తిప్పి కూడా చూశారు. వేదిక వెనక ఇరుకు గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. ఎదురుగా నిలబడ్డ రైటరు గొంతు సవరించుకున్నాడు. ఏళ్ళ తరబడి మంత్రిగారి ప్రసంగాలన్నీ రాస్తున్నది అతనే.

“ఏ వాక్యమండీ?”

“నాటకాలొద్దు. ‘ఇల్లే ఆడదాని సింహాసనం.’ జనం చప్పట్లు కొట్టేది దానికే.”

“ఈ ఒక్కసారికి వదిలేయండి. మా అమ్మాయి ముందు వరసలో కూర్చుంది. కాలేజీ ఫస్టొచ్చింది. బహుమతి మీ చేతుల మీదుగానే. ఆ మాట వినబడితే మాత్రం లేచి వెళ్ళిపోతానంది.”

“అంత కానిమాట ఏమన్నాను? సింహాసనం అన్నాను, చీపురుకట్ట అనలేదుగా! గౌరవమయ్యా అది.”

“గౌరవమైతే వద్దనే వీలుండాలిటండీ. సింహాసనమెక్కించి బయట గొళ్ళెం పెడితే అది చులకనేట. నా మాట కాదు, మా అమ్మాయిది. మీకు రాసిచ్చేది నేనని తెలిసినప్పట్నుంచీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతోంది.”

మంత్రిగారు నవ్వబోయి మానేశారు. చెప్పులు విప్పి, వాచిన పాదాలు ఎదుటి కుర్చీ మీద పెట్టుకున్నారు. పొద్దున్నుంచీ ఊరూరా ఇదే ప్రసంగం.

ఫోను మోగింది.

“ఆ... తిన్నాలెండి. బాబుకి మందు పడిందా? నిద్రపోయాడా? సరే.” ఫోను పక్కన పెట్టి, “మా ఇంట్లోవాళ్ళు,” అన్నారు మంత్రిగారు. “నేను తిన్నానో లేదోనని ఒకటే బెంగ. ఇల్లు కదలకుండా సంసారం మోస్తున్నారు కాబట్టే నేనిలా తిరగ్గలుగుతున్నా.”

“అయితే సింహాసనం వారిదేనన్నమాట!” నోరు జారాడు రైటరు.

మంత్రిగారు అతనికేసి చూశారు. కోప్పడే ఓపిక కూడా లేనట్టుంది.

“పార్టీలో నా మాట చెల్లుతుందనుకుంటున్నావా? ఆ వాక్యం ఉన్నంతకాలమే నా కుర్చీ. మానేసిన మర్నాడే నన్ను ఇంటికి పంపేస్తారు.”

అతని జేబులోని పెన్ను ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు. రైటరు ఇచ్చాడు. కాగితం నెత్తిన ఆ వాక్యం మళ్ళీ వచ్చి కూర్చుంది. అతను తల దించుకున్నాడు.

“మీ అమ్మాయిని తలుపు పక్క కుర్చీలోకి మారమను,” అన్నారు మంత్రిగారు, చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుంటూ.

“ఎందుకండీ?”

“లేచి వెళ్ళడానికి వీలుగా ఉంటుంది. బహుమతి ఎక్కడికీ పోదు, నేను చూసుకుంటా. ఆ వయసులో నాకు తలుపు పక్కన కుర్చీ ఎవరూ వెయ్యలేదు.”

రైటరు కూతురికి మెసేజి కొట్టాడు. తెర సందులోంచి చూశాడు. ఆ పిల్ల ఫోను చూసుకుంది, సంచీ భుజాన వేసుకుంది, నడిచి వెళ్ళి తలుపు పక్కన కూర్చుంది.

హాలంతా జేజేలు మొదలయ్యాయి. మంత్రిగారు ఒక్కసారి కళ్ళు గట్టిగా మూసి తెరిచి, మొహానికి నవ్వు తగిలించుకుని మెట్లెక్కారు. పార్టీ అధ్యక్షుడు అప్పుడే తన ఉపన్యాసం ముగించాడు.

“రండక్కా!” అంటూ మైకును ఆమె ఎత్తుకు దించాడు.