ఏడాదికోసారి రక్తం

ఆవిడ చెల్లెలు రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. ఒకే ఇంట్లో పెరిగి, ఒకే నీళ్లు తాగిన అక్కకు ఎందుకు రాలేదో తేల్చడం మా పరిశోధన. పదిహేడేళ్లుగా ఏడాదికోసారి ఆవిడ వస్తుంది. నర్సుగా నేను రక్తం తీసి, తిండి దగ్గర్నుంచి జుట్టుకేసే రంగు దాకా అన్నీ అడిగి రాసుకుంటాను.

ఈసారి చెయ్యి చాపుతూ చల్లగా చెప్పింది.

"నాకూ వచ్చిందమ్మా. బాగా ముదిరిందట."

"ముందే ఎక్కడన్నా చూపించుకోవాల్సింది కదక్కా."

"ఎందుకూ? ఏటా నువ్వు చూస్తూనే ఉన్నావుగా. ఏమన్నా ఉంటే చెప్పకుండా ఉంటావా?"

నేను తల వంచుకుని నరం వెతికాను. రక్తం సీసాలోకి దిగింది. ఫైలు తెరిచి, "ఆరోగ్యంగా ఉన్నారు" అన్న గడి కొట్టేసి, "వ్యాధి వచ్చింది" అన్న గడిలో టిక్కు పెట్టాను.

ఆ పేజీ కిందే తొమ్మిదేళ్ల నాటి కాగితం ఉంది. చెల్లెలికి ఈ జబ్బు తెచ్చిన జన్యు లోపమే అక్కకూ ఉందని అందులో రాసి ఉంది. దాన్ని ఫైల్లో పెట్టింది నేనే. చెబితే మనుషులు జాగ్రత్తపడతారు, మా లెక్కలు చెడిపోతాయి. అందుకే చెప్పకూడదని నియమం. దానికి ఒప్పుకుంటూ ఆవిడే, చదవకుండా, సంతకం పెట్టింది.

ఆవిడ దూది అదుముకుంటూ తలుపు వైపు తిరిగి కూతుర్ని పిలిచింది.

"దీనికి ఇరవై నిండాయి. నా భయమంతా దీని గురించే. ఇకనుంచి దీన్ని కూడా నువ్వే కనిపెట్టుకుని ఉండాలి తల్లీ."

నేను కొత్త ఫైలు తీశాను.

"ఇక్కడ సంతకం పెట్టమ్మా," అన్నాను.