రక్తానికి అందని కబురు

గిల్‌హో ఎక్కకూడని గుర్రాన్ని ఎక్కాడు. చెల్లెలి పెళ్ళిభోజనానికి ఆలస్యమైందని, రెండు నెలల చూడితో ఉన్న గరాను ఎక్కి, చుట్టూ తిరిగే ఓపిక లేక రాతిగోడ దూకించాడు. జెజు దీవిలో గాలికి రాళ్ళు కూడా లేచిపోతాయంటారు. ఆ రోజు గరా ఆ గాలినే వెనక్కి నెట్టేసింది.

మర్నాడు పొద్దున గడ్డిలో అరచేతిలో పట్టేంత పిండం పడి ఉంది. గరా దాన్ని మూతితో తడుముతోంది. గిల్‌హో చేతులతోనే గబగబా మట్టి తీసి పాతేశాడు.

గుర్రాలు మల్‌సూన్ అవ్వవి. అతను మేపేవాడు మాత్రమే. చూడి నిలవనివాటన్నిటినీ చలికి ముందు జరిగే సంతలో మాంసానికి అమ్మేస్తానని అవ్వ కొడుకు ఇన్‌చోల్ అప్పటికే తేల్చేశాడు. గరాకి పదిహేడేళ్ళు.

ఉన్నది చెప్పేద్దామని మధ్యాహ్నం అవ్వ ఇంటికి వెళ్ళాడు. అక్కడ చూడి పరీక్షకని పశువుల డాక్టరు వచ్చి ఉన్నాడు. అవ్వ కలుపుపారకి అంటిన మట్టి కడుగుతోంది.

"రక్తం మాత్రమే తియ్యి డాక్టరూ. లోపల చెయ్యి పెట్టావో, ఆ చెయ్యి విరగ్గొడతా. నా పిల్లకి సిగ్గెక్కువ."

గిల్‌హో వచ్చిన పని చెప్పకుండానే వెనక్కి తిరిగాడు.

మూడో రోజు కాగితం వచ్చింది. గరా చూడితోనే ఉందట.

గిల్‌హో నూడుల్స్ కొట్లో డాక్టర్ని పట్టుకున్నాడు.

"ఊరికే అడుగుతున్నా. పిండం పడిపోయినా రక్తంలో చూడి అనే వస్తుందా?"

"వస్తుంది. మావి అంటుకున్న చోట చిన్న గిన్నెల్లాంటివి పుడతాయి. హార్మోను వదిలేది అవే. బిడ్డ పోయిన కబురు వాటికి అందదు. ఇంకో నెలా రెణ్ణెల్లు వదుల్తూనే ఉంటాయి. ఎందుకూ?"

"ఊరికే అన్నాగా."

నిజం చెబితే గరా కత్తికి పోతుంది. చెప్పకపోతే ముసలావిడ లేని పిల్ల కోసం ఎదురుచూస్తుంది. గిల్‌హో నోరు కుట్టేసుకున్నాడు.

ఇన్‌చోల్ కాగితం చూసి, చూడి నిలవని మిగతా మూడు గుర్రాల్నే సంతకి తోలుకెళ్ళాడు. అవ్వ గరాకి క్యారెట్లు, గిల్‌హోకి ముల్లంగి కూరిన అట్లు పెట్టేది.

"తినరా. చూడిదాన్ని మేపేవాడివి, నీరసపడకూడదు."

అతను ఒక ముక్క కొరికి, మిగతాది చాటుగా కుక్కలకి వేసేవాడు. రానురాను ఎంత చిక్కిపోయాడంటే, జేబుల్లో రాళ్ళు వేసుకుంటే తప్ప గాలికి నిలబడేవాడు కాదు.

"దాని పొట్ట పెరగట్లేదు, నీ పొట్ట ఉండట్లేదు. అసలు మీ ఇద్దర్లో ఎవర్రా చూడి?" అని అవ్వ నవ్వేది.

కమలాలు పండిన నెలలో ఇక ఆగలేకపోయాడు. అవ్వ ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అవ్వా, గరా కడుపులో ఏమీ లేదు. నేనే గోడ దూకించా. నేనే పాతేశా. ఇన్నాళ్ళూ నీ చేతి తిండి తిని నిన్నే మోసం చేశా."

అవ్వ కమలా వలవడం ఆపలేదు. ఒక తొన తీసి అతని చేతిలో పెట్టింది.

"మరీ పైపైన పాతావురా, కుక్కలు లాగేస్తాయని నేనే మళ్ళీ లోతుగా పాతి, రక్తానికి కబురు అందేలోగా డాక్టర్ని పిలిపించాను."