ఇసక పడ్డ తుపాకీ

"నా తుపాకీ మోతకి మబ్బులే పక్కకి తప్పుకునేవి," అన్నాను.

వీడియో గేములకి ఆయుధాలు గీసే మా మేనకోడలు నవ్వింది. తెరమీది తుపాకీకి తను ఏదో కొత్త పేరు పెట్టింది గానీ, అది అచ్చం యుద్ధంలో మేం మోసిందే.

"ఇసక పడితే ఇరుక్కుపోయేలా చేశా మావయ్యా. అసలుది కూడా అంతేనట కదా?"

"మీ అత్తయ్య ముందు నా నోరు ఆగిందేమో గానీ, అదెన్నడూ ఆగలేదే."

కూరగాయలు తరుగుతున్న నా భార్య చెయ్యి ఆగింది. ఆ యుద్ధంలోనే పోయిన తన తమ్ముడు ఆఖరి తూటా దాకా కాల్చాడని ఏళ్లుగా ఆమెకి చెబుతున్నాను.

"వాడిదీ ఇరుక్కుందా?" అంది.

నాకు ఒక్క కోతా తోచలేదు.

ఆమె తెరవైపు తిరిగింది.

"ఆ ఇరుక్కోవడం తీసెయ్యమ్మా. ఇక్కడైనా పేలనీ."