ఆష్‌మీర్ కౌన్సిల్ ఆఖరి ఓటు

ఆష్‌మీర్ గ్రామీణ కౌన్సిల్‌కు అది ఆఖరి సమావేశం. 1974 ఏప్రిల్ ఒకటి తెల్లారితే కౌన్సిలే ఉండదు. లండన్‌లో గీసిన కొత్త పటంలో దాని పేరు లేదు.

పోయే ముందు దానికి రెండు పనులు మిగిలాయి. తనను తాను పొగుడుకోవడం, ఫొటో దిగడం. ఎనభై ఏళ్లలో వేసిన రోడ్లనూ కట్టిన ఇళ్లనూ సభ్యులు ఒక్కొక్కరే లేచి వల్లించారు. తాతలు తవ్వించిన బావుల్ని కూడా తామే తవ్వినట్టు చేతులు రుద్దుకున్నారు.

టీ రాకముందే సభ్యురాలు హెస్టర్ లేచింది, మాల్ట్ సందు తరఫున. అక్కడ ఏ ఇంటికీ మురుగు పైపు లేదు; మరుగుదొడ్డి బకెట్ నిండితే పెరట్లో గొయ్యి తీసి పూడ్చడమే. పైపు పక్క వీధి మలుపు దాకా వచ్చి ఆగిపోయింది.

"ఇవాళ తీర్మానం చెయ్యకపోతే ఇక మా మొహం చూసేవాళ్లుండరు. రేపొచ్చే దొరలకి మా సందు ఎక్కడుందో కూడా తెలీదు."

"వచ్చిందమ్మా పైపుల రాణి!" అన్నాడు పందులు పెంచే ప్లమ్. అనేసి, ఛైర్మన్ మొహంలోకి చూశాడు. ఛైర్మన్ చిరునవ్వు నవ్వాక గాని మిగతావాళ్లు నవ్వలేదు.

"నవ్వండి బాబూ. మీ ఇళ్లలో మరుగుదొడ్డి గొలుసు లాగితే నీళ్లొస్తాయిగా!"

ఛైర్మన్ కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయనకు తన నిజాయితీ అంటే మహా ముద్దు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయానికి ఆయన పెట్టుకున్న పేరు అది.

"ఈ గదిలోకి స్వార్థాన్ని ఏనాడూ రానివ్వలేదు. ఆఖరి రోజున రానిస్తానా?"

"సందంతా కంపు కొడుతుంటే అది స్వార్థమా?"

"కూర్చోండి మేడమ్."

"మేడమా!" హెస్టర్ పకపకా నవ్వింది.

చేతులెత్తారు. అటూ ఇటూ సమానం. తేల్చాల్సింది ఛైర్మన్ ఓటు. వద్దని వేశాడు. గది చప్పట్లతో మోగింది. అంతటి నిష్పక్షపాతిని చూడలేదని ప్లమ్ కళ్లొత్తుకున్నాడు. తర్వాత అందరూ మెట్ల మీద ఫొటోకి నిలబడ్డారు.

పొద్దుగూకే వేళ, మాల్ట్ సందు చివరి ఇంటి పెరట్లో నిండు బకెట్, పార పట్టుకుని దిక్కులు చూస్తున్న భర్తతో హెస్టర్ వంటింటి గుమ్మంలోంచి అంది: "ఆ మూల నిండిపోయింది, ఇటుపక్క తవ్వండి ఛైర్మన్ గారూ."