మంగాయమ్మ ఎక్కిన సైకిలు

ఆ రోజుల్లో కొత్త సైకిలు, మొదట ఎక్కినవాళ్ల ఒంటికి తగ్గట్టు సీటూ హ్యాండిలూ తనే సర్దేసుకునేది. ఒక్కసారి సర్దుకుందా, ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారదు. ధవళేశ్వరం నుంచి గోదారి గట్టు మీద, టీ కొట్టు కనబడ్డచోటల్లా ఆగుతూ, అంతర్వేది దాకా తీరిగ్గా తొక్కాలని ఆరడుగుల నూకరాజుకి పదేళ్ల కోరిక.

అందుకోసం కొన్న కొత్త సైకిలుకి కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కాలెత్తబోతుంటే పెళ్లాం సత్యవేణి అడ్డొచ్చింది.

"ఆగండి! మా అమ్మది మంచి చెయ్యి. ముందు తననెక్కనివ్వండి."

నాలుగున్నర అడుగుల అత్తగారు మంగాయమ్మ కుచ్చిళ్లు దోపి ఎక్కింది. సైకిలు కిర్రుమంటూ కుదించుకుపోయి, "సరిపోయిందమ్మా!" అంది.

తర్వాత నూకరాజు ఎక్కితే మోకాళ్లు చెవులకి తగిలాయి.

అయినా ఆదివారం ప్రయాణం ఆగలేదు. పడిపోకుండా తనంతట తనే నిలబడే ఆ సైకిలు మీద మంగాయమ్మ ఉయ్యాల బల్ల మీద కూర్చున్నట్టు పోతోంది. వెనకాల నూకరాజు, నడుం పట్టేసి, తన పాత డొక్కు సైకిలు తొక్కుతున్నాడు.

రాజోలు దగ్గర ఆవిడ జాలిగా వెనక్కి తిరిగింది.

"అల్లుడుగారూ, మరీ అవస్థ పడుతున్నారు. నాది మంచి చెయ్యి కదా, దాని మీద కూడా నేనోసారి కూర్చుని దిగనా?"