ఎరువెరగని చేను

"ఇది నా విత్తనం కాదు సార్! ఎవరో మార్చేశారు!"

మొక్కజొన్న చేని మధ్య నిలబడి శాస్త్రవేత్త అరిచిన అరుపుకి, కొత్త రకాల్ని పరిశీలించే కమిటీ ఛైర్మన్ ఉలిక్కిపడి కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన చేతిలోని కండె బొటనవేలంత ఉంది. చుట్టూ మొక్కలన్నీ పచ్చకామెర్లు వచ్చినట్టు పసుపు తిరిగి, నడుమెత్తు కూడా ఎదగకుండా ఈసురోమంటున్నాయి.

"మీది కాదంటే ఎలాగమ్మా? పోయినేడాది ఇదే చేలో జానెడు కండెలు చూపించారు. ఈ రకాన్ని రైతులకి విడుదల చేద్దామనేగా ఇంతమందిమి వచ్చాం?"

"అందుకే చెప్తున్నా సార్. అదీ ఇదీ ఒకటి కాదు."

రసాయన ఎరువు రవ్వంత కూడా పడకుండా పండే రకం కోసం ఆవిడ ఆరేళ్ళుగా తల బద్దలు కొట్టుకుంటోంది. పరిశోధన కేంద్రం నేల ఎరువులు మేసి మేసి ఉంది, అక్కడ లాభం లేదని ఇంటి వెనకున్న మామగారి చేను ఎంచుకుంది. పశువుల పేడ తప్ప ఇంకేదీ వెయ్యకూడదని ఇంటిల్లిపాదికీ గట్టిగా చెప్పింది. ఏటా బాగా కాసిన మొక్కల్ని ఏరి, వాటి గింజలే మళ్ళీ నాటింది. ఎరువు లేకుండా మొక్కజొన్నా అని ఎగతాళి చేసినవాళ్ళ నోళ్ళు ఏటికేడూ మూతపడుతూ వచ్చాయి. తీరా నోటిదాకా వచ్చాక ఇదీ సంగతి. కడుపు మండదూ మరి!

"విత్తనాల గది తాళం ఎవరి దగ్గరుంటుంది?" అడిగాడు ఛైర్మన్.

అందరూ వెనకాల నిలబడ్డ పరిశోధన కేంద్రం స్టోర్‌కీపర్ వైపు తిరిగారు. పాపం, ఆయన గబగబా ముందుకొచ్చాడు.

"మేడమ్, సంచికి సీలు వేసింది మీరే, విప్పిందీ మీరే. మధ్యలో నేనేం చేస్తాను?"

"మధ్యలో ఏం జరిగిందో మీకే తెలియాలి. ఏ కంపెనీకి అమ్ముడుపోయారో చెప్పండి!"

"నా పిల్లల మీద ఒట్టు మేడమ్..."

"మీ ఒట్లతో నా పైరు పచ్చబడదు."

సాయంత్రానికల్లా స్టోర్‌కీపర్‌ని ఉద్యోగంలోంచి తీసేశారు. టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, తలొంచుకుని ఆయన కేంద్రం గేటు దాటుతుంటే ఆవిడ ఆఫీసు కిటికీలోంచి చూసింది. కాస్త జాలి వేసింది. అంతలోనే చేను గుర్తొచ్చి మళ్ళీ ఒళ్ళు మండింది.

ఇంటికొచ్చేసరికి వరండాలో నల్ల కళ్ళద్దాలతో మామగారు కూర్చునున్నాడు. విత్తనాలు వేసిన వారానికే కంటి ఆపరేషన్‌కని కూతురింటికి వెళ్ళిన మనిషి ఇన్నాళ్ళకి తిరిగొచ్చాడు.

"చేను చూసొచ్చానమ్మా. కడుపు తరుక్కుపోయింది," అన్నాడు.

అప్పటిదాకా బిగబట్టుకున్న ఏడుపు ఆవిడకి కట్టలు తెంచుకుంది.

"నా ఆరేళ్ళ కష్టం మట్టిపాలు చేశాడు మామయ్యా, ఆ స్టోర్‌కీపర్! విత్తనం మార్చేశాడు. ఇవాళే ఇంటికి పంపించేశాం."

పెద్దాయన గతుక్కుమన్నాడు.

"అయ్యయ్యో, అతన్నెందుకు పంపించారు? తప్పు నాది తల్లీ."

"మీదేంటి? మీరసలు ఇక్కడ లేనే లేరుగా!"

"అదేగా నేను చేసిన తప్పు! కంట్లో దుమ్ము పడుతుందని మీ ఆడపడుచు నన్ను కదలనిస్తేనా?" పెద్దాయన కళ్ళద్దాలు తీసి, తడి తుడుచుకున్నాడు. "ఆకలితో నకనకలాడే పైరుని చూస్తూ ఊరుకోవడం నా వల్ల ఎప్పుడైందమ్మా? నేనే ఉండుంటే, ఏటా చేసినట్టే, నువ్వటు ఆఫీసుకి వెళ్ళగానే ఇటు మొదలు మొదలుకీ చిటికెడు యూరియా వేసి నీళ్ళు పెట్టేసేవాణ్ణి కాదూ!"